ఎడమ పక్క కుర్చీ

మనిషి పోయిందని ఫోన్ వస్తే ఎవరైనా "అయ్యో" అంటారు. నేను "ఎవరు చెప్పిన్రు?" అన్నాను. తప్పు నాది కాదు. పోయిన మనిషి నాకు నేర్పిన మర్యాద అది.

"ఎవరో చెప్పుడేంది మామా? నా చేతులల్లనే పోయింది పెద్దమ్మ," అంది అవతల నుంచి నా మేనకోడలు లావణ్య. ఏడ్చి ఏడ్చి దాని గొంతు బొంగురుపోయింది. అప్పుడు నమ్మాను. అయినా పూర్తిగా నమ్మానని చెప్పలేను. ఆవిడ ఒక కన్ను కాస్త తెరిచి, చుట్టూ చేరినవాళ్లలో ఎవరు నిజంగా ఏడుస్తున్నారో, ఎవరు కొంగు ఊరికే ముఖానికి అద్దుకుంటున్నారో చూస్తూనే ఉండి ఉంటుందని నాకు గట్టి అనుమానం.

ఆవిడ లావణ్య భర్తకు మేనత్త. తల్లి లేని ఆ పిల్లవాణ్ని సిరిసిల్లలో తన చేతుల మీద పెంచింది. వరుసకు నాకు అక్క. పేరు మాత్రం రాయను. ఎవరైనా కాగితం మీద తన పేరు రాస్తే, "ఎందుకు రాస్తున్నవ్? ఏడ చూపిస్తవ్?" అని కాగితం లాక్కునే మనిషి. పోయింది కదా అని ఇప్పుడు రాస్తే, ఎక్కడి నుంచో చెయ్యి చాపి లాక్కోదని ఏమిటి నమ్మకం?

నేను సూరత్‌లో నూలు దలాలీ చేస్తాను. నూలు కన్నా మాటలే ఎక్కువ అమ్ముతానని లావణ్య తండ్రి, మా బావ అంటాడు. నా మాటల్లో సగం గాలిలోంచి తీసినవేనని భేస్తాన్‌లో మా వీధంతా ఎరుగును. అయినా పెళ్లికి డప్పువాళ్లను పిలిచినట్టే నన్నూ పిలుస్తారు. నలుగురు చుట్టాలు కూర్చున్నచోట మాట ఆగిపోకుండా చూడటానికి ఒకడుండాలి గదా! అందుకే లావణ్య పెళ్లికి, మగపెళ్లివారి విడిది బాధ్యత నా నెత్తిన పెట్టారు.

ఆ విడిదే అసలు గొడవంతా తెచ్చింది.

భేస్తాన్‌లో మా ఇళ్లు ఒకదాని వీపుకు ఇంకొకటి ఆనుకొని ఉంటాయి. గోడకు ఇటు మంచం, అటు మరమగ్గాల కార్ఖానా. ఊరి నుంచి దిగే పెళ్లివారిని ఎక్కడ పెట్టాలి? మా బావ పనిచేసే సేఠ్‌కు చౌక్ దగ్గర ఒక పాత హోటల్లో వాటా ఉంది. విక్టోరియా రాణి ఏలుబడిలో దొరలు తమ కోసం కట్టుకున్నది. ఎండాకాలంలో గదులు ఖాళీగానే పడి ఉంటాయి. "నీ బిడ్డ పెళ్లికి వాడుకో," అన్నాడు సేఠ్. మా బావ మురిసి ముక్కలైపోయాడు. సిరిసిల్లలో సాంచాలు నడుపుకునే వియ్యాలవారిని దొరల గదుల్లో దింపితే, మనవలు ముసలివాళ్లయ్యేదాకా చెప్పుకుంటారని ఆయన ఆశ. సాంచాలంటే మా వాళ్ల మాటలో మరమగ్గాలే.

స్టేషన్ నుంచి తీసుకొచ్చి హోటల్ ముందు దింపగానే అందరూ నోళ్లు తెరిచారు. ఎర్రరాతి కమానులు, టేకు మెట్ల మీద తివాచీ, హాలు నడుమ పాత గోడగడియారం. ఆవిడ మాత్రం మొదటి మెట్టు మీదే ఆగిపోయింది. పొట్టి మనిషి, బిగించి కట్టిన ముతక చీర, చంకలో సంచి. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"తమ్మీ, పిల్ల ఇల్లు ఏడున్నది?"

"భేస్తాన్‌ల అక్కా."

"ఇదేడ?"

"చౌక్ కాడ."

"అంటే దూరమే. మమ్ముల ఇంటికాన్నుంచి గింత దూరం ఎందుకు తెచ్చిన్రు?"

"మర్యాద అక్కా, మర్యాద! రాణిగారి కాలం నాటి హోటలు!"

"ఊకెనే ఎవ్వరు మంచినీళ్లు గూడ ఇయ్యరు," అంటూ తివాచీ అంచును కాలి బొటనవేలితో ఎత్తి కింద ఏముందో చూసింది. "గింత మర్యాద చేస్తున్రంటే దీన్ల ఏదో ఉన్నది."

ఆవిడ సంగతి తెలియాలంటే టీ తాగడం చూడాలి. తెల్లకోటు వేసుకున్న వెయిటరు టీ తెచ్చిపెడితే, ముందు వాసన చూసేది. తర్వాత కప్పు నా వైపు జరిపేది. "నువ్వు తాగు తమ్మీ." నేనొక గుక్క తాగాక నా కళ్లలోకి చూస్తూ కొంతసేపు ఆగేది. నేను కూలబడకపోతే, అప్పుడు తాగేది. ఒకసారి సరదాకు గొంతు పట్టుకుని కళ్లు తేలేశాను. ఆవిడ కంగారు పడలేదు. "యాక్టింగ్ మంచిగ చేస్తున్నవ్. ఎవరు నేర్పిన్రు?" అని అడిగింది. మధ్యాహ్నం లావణ్య తల్లిని, అంటే మా సొంత అక్కను, పక్కకు పిలిచి కూడా అదే అడిగిందట: "మీ తమ్ముడు నాటకాలాడ్తడా?"

అదే ఆవిడ పద్ధతి. ఒక ప్రశ్న ఇద్దర్ని వేర్వేరుగా అడగడం, జవాబులు పక్కపక్కన పెట్టి చూసుకోవడం. నాలాంటివాడికి ఇంతకన్నా పెద్ద కష్టం ఇంకోటుండదు. నేను నిన్న చెప్పింది నాకే గుర్తుండదు, ఆవిడకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుండేది.

హోటల్ కప్పు చాలా ఎత్తు. పిల్లలు అడిగారని చెప్పాను: "రాణిగారు ఒస్తున్నరని కబురొచ్చింది. కిరీటం తాకొద్దని కప్పు గంత ఎత్తు కట్టిన్రు. ఆమె ఓడెక్కి సముద్రం దాటింది, తాపీ నదిల ఒండ్రు ఎక్కువై ఓడ దిగవడ్డది. కోపమొచ్చి గట్లనే ఎనుకకు పోయింది."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆవిడ కళ్లు మూసుకుని విన్నది. అబద్ధం వినేటప్పుడు కళ్లు మూసుకోవడం ఆవిడ అలవాటు, రుచి చూస్తున్నట్టుండేది.

"నువ్వు చూసినవా?"

"మా తాత చూసిండక్కా."

"మీ వంశంల సూరత్‌కు మొదలొచ్చింది మీ నాయననే అన్నది మీ అక్క."

ఆవిడ కళ్లు తెరిచింది.

"పొద్దుగాల లేస్తే గిన్ని అబద్ధాలాడెటోన్ని తెచ్చి మా మీద కావలి పెట్టిన్రు. అంటే ఇంట్ల ఏందో దాస్తున్రు."

ఇంకో సంగతి తెరలది. మా నేతపని ఇళ్లలో పసిపిల్లకు కూడా బట్టకు ముఖమేదో వీపేదో తెలుస్తుంది. ఆవిడైతే కనపడ్డ ప్రతి బట్టనూ తిరగేసి, వీపు చూసి, వేలితో రుద్ది గానీ వదిలేది కాదు. నా చొక్కా కాలరు కూడా తిరగేసి చూసింది. ఆ హోటల్లో కిటికీ తెరల ముఖం వీధి వైపుకు, వీపు గది వైపుకు ఉన్నాయి. పెళ్లింట్లో బట్ట వీపు మన వైపు తిరిగి ఉంటే కీడని మా వాళ్లలో పట్టింపు. అంతే, ఆవిడ రంకె వేసింది. మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. సన్నగా, నున్నగా ఉండే గుజరాతీ పెద్దమనిషి. ఎప్పుడూ గుసగుసగానే మాట్లాడేవాడు. "బహెన్, రోడ్డు మీద పోయేవాళ్లకు అందంగా కనపడాలని అలా..." అని హిందీలో నసిగాడు. ఆవిడ వినిపించుకుంటేనా? పెళ్లికొడుకును స్టూలు ఎక్కించి, స్టూలు నా చేత పట్టించి, అన్ని గదుల తెరలూ దింపించి మళ్లీ తిప్పి కట్టించింది. పెళ్లికొడుకు పాదాలు నా ముక్కు ముందు పెట్టుకుని ఆ పూటంతా గడిపాను.

పని అయ్యాక నన్నడిగింది: "గీ ఓటల్ల అందరు గుసగుసలెందుకు పెడ్తున్రు?"

"దొరల ఓటలు అక్కా. గట్టిగ మాట్లాడొద్దు."

"మన గురించే మాట్లాడుతున్రు," అంది. ఆ సాయంత్రం బావ వస్తే ఆయన ముందు పెద్ద కోరిక పెట్టింది. తమను అక్కణ్నుంచి మార్చాలట. ఏ లాడ్జికో కాదు, భేస్తాన్‌లో కార్ఖానా పక్కన ఏ రేకుల గది అయినా ఫరవాలేదట.

"సాంచాల సప్పుడు లేంది నాకు నిద్ర పడ్తలేదు బావా. గీ ఇంట్ల సప్పుడే లేదు. సప్పుడు లేని కాడ ఏందో దొంగపని నడుస్తది."

మగపెళ్లివారి అలకలు మాకు కొత్త కాదు. బూందీ మెత్తగా ఉందని అలిగినవాళ్లను చూశాం, మంచం కిర్రుమందని అలిగినవాళ్లను చూశాం. మంచం కిర్రుమనడం లేదని అలిగినవాళ్లను చూడటం అదే మొదలు. బావ దండం పెట్టి, సేఠ్ నొచ్చుకుంటాడని చెప్పి ఎలాగో నిలిపాడు. నాకు మాత్రం అప్పుడే పట్టుకుంది అనుమానం. ఇంత మంది మీద ఇంత అనుమానం ఉన్న మనిషి మీద ఎవరో ఒకరు అనుమానపడాలి కదా!

ఆవిడను కనిపెట్టడం మొదలుపెట్టాను. మొదట కంటపడింది కుర్చీ సంగతి. భోజనాల హాల్లో పెళ్లికొడుకు ఎక్కడ కూర్చుంటే అక్కడ, అతనికి ఎడమ పక్క కుర్చీలో ఆవిడ. ఇంకెవరైనా ముందే అందులో కూర్చుంటే, "లేవు బిడ్డా, నాకు గాలి తాకాలె," అని లేపేది. ఫంకా నెత్తిన తిరుగుతుంటే ఎడమ పక్కకే గాలి ఎలా వస్తుంది? మెట్లు దిగినా, రోడ్డు దాటినా అతని ఎడమ పక్కే. అతన్ని ఎవరు ఏమడిగినా సగం సార్లు జవాబు ఆవిడదే.

ఒక మధ్యాహ్నం ఆవిడ చేతులు కడుక్కోను వెళ్లింది. వెయిటరు అతని ఎడమ వైపు నుంచి వంగి, ఆ హోటల్ మర్యాద ప్రకారం గుసగుసగా, "సాబ్, దాల్ ఔర్?" అన్నాడు. పిల్లవాడు తల కూడా తిప్పలేదు. వెయిటరు మళ్లీ అడిగాడు. ఉలుకూ పలుకూ లేదు. గరిటె గాల్లోనే ఉంది. ఇంతలో ఆవిడ తడిచేతులతోనే దాదాపు పరుగెత్తుకొచ్చి, "చాలు, చాలు, ఆనికి పప్పు పడది," అని వెయిటరును తోసేసి కుర్చీలో కూలబడింది. తర్వాత నన్ను చూసింది, నేను చూశానా లేదా అని.

చూశాను. నా బుర్ర ఇక ఊరుకుంటుందా? పిల్లవాడికి పొగరని ఒకసారి అనుకున్నాను. సిరిసిల్లలో ఇంకో పిల్ల మీద మనసుండి, ఇష్టం లేని పెళ్లికి వచ్చాడని ఇంకోసారి అనుకున్నాను. ముసలమ్మ వాడికి ఏదో మందు పెట్టి నడిపిస్తోందని కూడా అనుకున్నాను. ఆ చివరిది కొంచెం ఎక్కువైందని నాకే అనిపించింది గానీ, మా అక్కకు చెప్పేటప్పుడు అదే ముందు చెప్పాను.

అక్క బెంబేలు పడింది. అదే రోజు ఏదో నెపం పెట్టి పెళ్లికొడుకును భేస్తాన్ ఇంటికి పిలిపించింది. నేను కళ్లల్లో ఒత్తులు వేసుకుని కూర్చున్నాను. చిత్రం! గోడవతల సాంచాలు దడదడలాడుతుంటే, ఇంట్లో అందరం అలవాటుగా అరిచి మాట్లాడుకుంటుంటే, ఆ పిల్లవాడు హుషారుగా అందరితో కలిసిపోయాడు. ఎవరి ముఖం చూస్తే వాళ్ల మాట అందుకున్నాడు, ఎదురు జోకులు వేశాడు. కార్ఖానాలోకి వెళ్లి ఆగిపోయిన సాంచా ఒకటి బాగు చేసి కూడా వచ్చాడు. ఆవిడ కూడా ఆ రోజు ఎడమ పక్క కుర్చీ కోసం పోట్లాడలేదు. మా అక్క పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసింది. అక్క నన్ను కొరకొరా చూసింది: "నీ నోట్ల మన్ను వడ! బంగారమసొంటి పిలగాన్ని పట్టుకోని..."

మళ్లీ హోటల్‌కు వచ్చామో లేదో, ఆవిడ ముఖం మూతపడింది, కుర్చీ ఎడమ పక్కకు జరిగింది.

పెళ్లికి ముందురోజు పొద్దున్నే నన్ను వెనక వరండాలోకి పిలిచింది. ఎవరూ లేరని స్తంభాల వెనక్కి కూడా తొంగి చూసి, నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుంది.

"ఎవ్వరికి చెప్పనని ఒట్టు పెట్టు."

"ఏందక్కా?"

"ముందు పెట్టు."

పెట్టాను.

"పిలగానికి ఎడమ చెవు ఇనవడది. పసిగుడ్డప్పుడు సాంచా పక్కకే తొట్టెల కట్టిన. డాక్టర్ అది జ్వరంతోటి అన్నడు. నాకైతే సాంచా మీదనే అనుమానం." ఆవిడ మొదటిసారి నా ముఖం చూడకుండా మాట్లాడింది. "ఆడు చెప్తనన్నడు. మా తమ్ముడు, అదే వాని నాయిన, చెప్తే లగ్గం తప్పిపోతదని నాతోని గూడ ఒట్టేయించుకున్నడు, ఆడివిల్లోల్లకు నా నోటితోని చెప్పొద్దని. గా సాంచాల కాడైతే ఎవ్వలకు ఎర్కగాదు. అందరు అరుస్తరు, అందరు మూతులు చూసే మాట్లాడ్తరు. మీరు తెచ్చి గీ సప్పుడు లేని కొంపల వడేసిన్రు! మాకు పరీక్ష పెట్టెతందుకే తెచ్చిన్రనుకున్న."

ఈసారి స్తంభాల వెనక్కి నేను తొంగి చూశాను.

"మరి మీ ఇంట్ల గూడ ఒక్క ఐబు, ఒక్క లోపం దొరుకుతదేమో అని దేవులాడిన తమ్మీ. మీది ఒకటి, మాది ఒకటి. సమానమైతే ధైర్యంగ చెప్పుకోవచ్చు. ఎంత దేవులాడినా నీ అబద్ధాలు తప్ప ఏం దొరకలే," అని పెద్దగా నిట్టూర్చి లోపలికి పోయింది.

మధ్యాహ్నం దాకా నేను ఎవరికీ చెప్పలేదు. పొట్ట ఉబ్బిపోయింది. సేఠ్‌తో మాట్లాడాను, టెంటువాడితో మాట్లాడాను, బావ రెండుసార్లు ఎదురుపడ్డాడు. గట్టిగా నోరు మూసుకున్నాను. నెత్తిమీద చెయ్యిపెట్టి వేసిన ఒట్టు మరి!

భోజనాల వేళ దాటాక ఆవిడ నన్ను మెట్ల దగ్గర పట్టుకుంది.

"చెప్పినవా?"

"లేదక్కా. అస్సలు చెప్పలే."

"మీ అక్కకు?"

"ఒట్టేసిన గదా!"

ఆవిడ నన్ను తినేసేలా చూసింది. "నీ ఒట్టు బండల వడ! నా నోటికి మా తమ్ముడు తాళమేసిండు. గిన్ని దినాలల్ల నీ కడుపుల ఒక్క మాట నిలువంగ చూడలే. ఏరి కోరి నీకు జెప్పిన. ఇయ్యాల్నే నీకు నీతి పుట్టిందా? రేపు లగ్గం!"

అప్పుడర్థమైంది, ఆవిడ నన్ను పోస్టు డబ్బాలా వాడుకుందామనుకుంది. ఆటో ఎక్కి భేస్తాన్‌కు పరుగెత్తాను. అక్క వంటింట్లో ఉంది. లావణ్య రెండు చేతులకూ మెహందీ పెట్టించుకుని, చేతులు చాపి కూర్చుంది. ఊపిరి బిగబట్టి ఉన్నమాట ఉన్నట్టు చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు.

లావణ్య పకపకా నవ్వింది. "మామా, బస్ కరో! మొన్న మందు పెట్టిందంటివి, ఇయ్యాల చెవుడంటున్నవ్. రేపటికి కాలు గూడ తీసేస్తవా?"

"నీ యవ్వ, నిజమే చెప్తున్ననే!"

"ప్రతిసారి గట్లనే అంటవ్," అంది అక్క, గరిటె నా వైపు చూపించి. "మొన్న గట్లనే చెప్తే అనవసరంగ పిలిపించి చూస్తిమి. అడుగు బయట పెట్టు."

తిరిగొచ్చి ఆవిడకు చెప్పాను, ఎవరూ నమ్మలేదని. ఆవిడ గోడకు ఆనుకుని కాసేపు నిలబడింది. చీర కుచ్చిళ్లు ఒకసారి సర్దుకుంది.

"మా తమ్మునికి నేనిచ్చిన మాట వోతది. పోనీ. ఆటో పిలువ్."

మా వీధిలోకి వెళ్లేసరికి సాంచాలు జోరు మీదున్నాయి. ఎదురింటి మెట్ల మీద ఆడవాళ్లు చీరలకు రాళ్లు అంటిస్తూ కూర్చున్నారు. ఆవిడ మా అక్క ముందు నిలబడి, హోటల్లో నాకు చెప్పిన గొంతుతోనే చెప్పింది.

"జర గట్టిగ చెప్పక్కా, సాంచాల సప్పుట్ల ఇనవడ్తలేదు!" అని అరిచింది మా అక్క.

ఆవిడ ఇంకొంచెం పెంచింది. అక్క చెవి దగ్గర చెయ్యి పెట్టి ఇంకా ముందుకు వంగింది. ఇక ఆవిడ కళ్లు మూసుకుంది. అబద్ధం వినేటప్పుడు మూసుకునే కళ్లు, నిజం చెప్పేటప్పుడు మూసుకుంది. బొంగురు గొంతుతో, నరాలు ఉబ్బేలా, ఒక్క అరుపు అరిచింది:

"పిలగానికి ఎడమ చెవు ఇనవడది! పుట్టిన ఏడాది నుంచి! దాచినం!"

ఎదురింటి మెట్ల మీద చేతులు ఆగిపోయాయి. పక్కింటి కిటికీలో ఒక తల మొలిచింది. అక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. లావణ్య మెల్లగా లేచి నిలబడింది.

"ఆయినె ఎందుకు చెప్పలే?" అది కూడా అరిచే అడిగింది.

"చెప్తనన్నడు బిడ్డా! పెద్దోల్లం మేమే చెప్పనియ్యలే!"

లావణ్య ముఖంలో నవ్వు లేదు. "పెండ్లి సంగతి తర్వాత. నేను ఆయిన్నే అడుగుత. మామా, ఆటో పంపియ్యకు."

అదే ఆటోలో హోటల్‌కు వచ్చాం. హోటల్లో లావణ్య పెళ్లికొడుకును భోజనాల హాల్లోకి పిలిచి, మెహందీ చేతులు అంటకుండా మోచేత్తో తలుపు తోసి మూసేసింది. దొరల కాలం టేకు తలుపు. ఆవిడ వెంటనే వెళ్లి దానికి చెవి ఆనించింది. తర్వాత రెండో చెవి. తర్వాత వంగి, తాళంచెవి కన్నానికి.

"ఏమంటున్రు తమ్మీ?"

"నాకేం ఇనవడ్తలేదక్కా."

"ఇనవడ్డా చెప్పవు. నీతిమంతునివి గదా." మళ్లీ చెవి ఆనించింది. "ఏడుస్తున్నదా? పిల్ల ఏడుస్తున్నదా చూడు."

"తలుపుల నుంచి ఎట్ల చూడాలె?"

ఆవిడ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. మోకాళ్ల మీద చేతులు. "ఆడు పెండ్లి తప్పితే ఓర్సుకుంటడు. కాని 'అత్తా, నీవల్లనే' అని అంటే..." అని ఆగింది.

తలుపు తెరుచుకుంది. లావణ్య కళ్లు ఎర్రగా ఉన్నాయి. వెనక పెళ్లికొడుకు, ముఖం కడుక్కున్నవాడిలా ఉన్నాడు.

"పెండ్లి ఆగది," అంది లావణ్య. "కాని ఒక్కటి. తాళి కట్టినంక పంతులు నన్ను ఎడమ దిక్కు కూసోమంటడు గదా? నేను కూసోను. ఆ రోజే కాదు, ఎప్పటికి కూసోను. ఎడమ దిక్కు కూసుంటే నేను తిట్టేటియి ఆయినెకెట్ల ఇనవడ్తయ్?"

ఆవిడ కొంగు ముఖానికి కప్పుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందని నేను దగ్గరికి వెళ్లాను. కొంగు కొంచెం పక్కకు తీసి నన్నడిగింది: "గింత జల్ది ఒప్పుకున్నదేంది తమ్మీ?"

మా బావ వియ్యంకుణ్ని నాలుగు మాటలన్నాడు. ఆయన తల వంచుకుని విన్నాడు, అక్క మధ్యలో పడింది. మర్నాడు లగ్గం జరిగింది. తాళి కట్టాక పంతులు, "అమ్మాయిని ఎడమ పక్కకు మార్చండి," అన్నాడు. లావణ్య కదల్లేదు. పంతులు మళ్లీ అన్నాడు. పందిట్లో గుసగుస బయల్దేరింది.

ఆవిడ లేచింది. "మార్చద్దు పంతులూ. మా ఇంట్ల ఆనవాయితి. ఏడు తరాల సంది మా కోడండ్లు కుడి దిక్కే కూసుంటరు. ఒకసారి మార్చినందుకు మా ముత్తాత సాంచా ఆర్నెల్లు నడవలే."

వాళ్ల ముత్తాత కాలంలో సాంచాలెక్కడివి? చేతిమగ్గాలే. పంతులుకు ఆ సంగతి తెలియదు. "అయితే సరే, ఆచారం ఆచారమే," అన్నాడు. ఆవిడ కూర్చుంటూ నా వైపు ఓరకంట చూసింది. ఇన్నేళ్లుగా ఈ విద్యలో ఉన్నవాణ్ని, ఆ నిమిషాన ఆవిడకు లేచి దండం పెట్టాలనిపించింది.

ఆ తర్వాత ఆవిడ అన్ని అనుమానాలూ వదిలేసి, ఒక్కటే పట్టుకుంది. ఇంత సులువుగా ఒప్పుకున్నారంటే పిల్లలో ఏదో ఐబు ఉండాలి. లావణ్య కాపురానికి వెళ్లాక దాని వంట తిరగేసి చూసింది, చదువు తిరగేసి చూసింది, నడక చూసింది, నిద్రలో ఏం కలవరిస్తుందో విన్నది. నాకు ఫోన్ చేసి, "తమ్మీ, దానికి చిన్నప్పుడు ఏమన్న గండముండెనా?" అని అడిగేది. మా అక్కకు కూడా ఫోన్ చేసి అదే అడిగేది. ఏమీ దొరకలేదు. దొరక్కపోయేకొద్దీ దాన్ని విడిచి ఉండలేకపోయింది. రెండో కాన్పు అప్పుడు లావణ్య మంచం పక్కన నేల మీద పడుకున్నది ఆవిడే. జ్వరమొస్తే మాత్ర ముందు తను నాలుక మీద పెట్టుకుని చూసి ఇచ్చేదట.

ఇవన్నీ తలుచుకుంటూ ఫోన్ పట్టుకుని ఉన్నాను. అవతల లావణ్య ముక్కు చీదుకుంది.

"మామా, పొయ్యేముందు నన్ను దగ్గరికి రమ్మన్నది. అందర్ని బయటికి పంపింది. 'బిడ్డా, ఇగ నేను ఎవ్వరికి చెప్పేది లేదు. ఇప్పుడన్న చెప్పు, నీల ఐబు ఏంది?' అన్నది."

"నువ్వేమన్నవ్?"

"చెవుల చెప్పిన."

"ఏం చెప్పినవ్?"

"చెప్పిన. ఇని నవ్వింది. 'నాకు మొదటి దినమే ఎర్క' అన్నది. నా చెయ్యి పట్టుకోని కండ్లు మూసింది."

ముసలమ్మ తృప్తి కోసం పిల్ల లేనిదేదో కల్పించిందని నా కళ్లు చెమర్చాయి. మా వంశంలో ఈ విద్య నాతో ఆగిపోలేదన్నమాట. అయితే ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. పుట్టినప్పటి నుంచి ఎత్తుకు తిరిగిన పిల్ల. ఇన్నేళ్లలో దాని మీద మొదటిసారి నాకు అనుమానం పుట్టింది.

"లావణ్యా, నిజం చెప్పు. కల్పించినవా, లేకపోతే ఉన్నదే చెప్పినవా?"

అవతల కాసేపు చప్పుడు లేదు.

"నీకు జెప్తే భేస్తానంత తిరుగుతది మామా. పెద్దమ్మకు జెప్పింది పెద్దమ్మతోనే పోయింది," అని ఫోన్ పెట్టేసింది.